పిడికిలి పట్టేంత కోత

ఊరికే కొత్తది ఇస్తామంటే వద్దని పోట్లాడిన మనిషిని ఇస్త్రీ పెద్దమ్మ తన బతుకులో ఒక్కర్తెనే చూసింది.

ఆ పోట్లాట కరెంటు సామాన్ల కొట్లో జరిగింది. ఇస్త్రీపెట్టె తీగ కాలిపోతే కొత్త తీగ కోసం పెద్దమ్మ వెళ్ళి వరసలో నిలబడింది. ముందున్న ఆడమనిషి చంకలో ఒక టేబుల్ ఫ్యాను ఉంది. ఆమెకి యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషే గానీ చేతులు మాత్రం కణుపులు తేలి, బరువులెత్తే మగవాడి చేతుల్లా ఉన్నాయి. నడుముకి తాడుతో కట్టిన పెద్ద కత్తెర వేలాడుతోంది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి కాబోలు అనుకుంది పెద్దమ్మ.

"అమ్మా, గ్యారంటీ ఉంది కాబట్టి మీకు కొత్తది ఇచ్చేస్తున్నాం. పెట్టె కూడా విప్పలేదు చూడండి. పట్టుకెళ్ళండి," అంటున్నాడు గుమాస్తా.

"నేను కొత్తది అడిగానా?"

"అడక్కపోయినా ఇస్తున్నామమ్మా."

"ఎందుకిస్తావ్? నాకు దీని రెక్క తిరగాలి, అంతే."

"బాగుచేసేవాళ్ళు మా దగ్గర లేరండీ."

"అయితే దీన్నేం చేస్తావ్?"

"అది మేం చూసుకుంటాం లెండి."

"ఏం చూసుకుంటావ్? దీని అందమా?"

వెనకనించి ఒకాయన గట్టిగానే అన్నాడు: "ఫ్యాను తిరగట్లేదని వచ్చింది, తిరిగింది ఈవిడ బుర్ర!" వరసంతా గొల్లుమంది. ఆమె మాత్రం వెనక్కి తిరిగి చాలా మర్యాదగా, "మీరేం కొంటున్నారు బాబూ? కొనుక్కోండి. రేపో మాపో అదీ చంకలో పెట్టుకుని ఇక్కడికే వస్తారుగా. అప్పుడు నా వెనక చోటుంచుతాలెండి," అంది.

తరవాత గడప మీద కూర్చుంది. దారికి అడ్డంగా, ఫ్యానుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, శవం దగ్గర కూర్చున్నట్టు. లోపలికొచ్చే ప్రతివాళ్ళకీ దాన్ని ఎత్తి చూపించసాగింది. "చూడండమ్మా, కొత్తదే. గీత కూడా పడలేదు. ఎంత శుభ్రంగా చచ్చిందో చూడండి." కొనడానికొచ్చినవాళ్ళు ఆ ఫ్యాను వంకా, తమ చేతిలో ఉన్న పెట్టె వంకా చూసుకోవడం మొదలెట్టారు. ఒకామె అయితే పెట్టె బల్ల మీద పెట్టేసి చక్కా పోయింది. దాంతో యజమాని లేచొచ్చాడు. బతిమాలాడు, కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. చివరికి వెనకసందులోంచి ఎవరినో పిలిపించాడు. ఆ వచ్చినవాడు మూత విప్పి, ఊడిన తీగ ఒకటి అతికించి, మూత పెట్టాడు. రెక్క గిర్రున తిరిగింది.

"ఇంత చిన్న పనని ముందే చెప్తే అయిపోయేది కదమ్మా," అన్నాడు యజమాని, పోతున్న పరువుని చివర్లో పట్టుకుంటూ.

"పొద్దున్నించీ నా నోరు చెప్తున్నది మరేంటి నాయనా!" అని ఆమె ఫ్యానుని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

పెద్దమ్మకి అలాంటి నోరంటే ముచ్చట. తన నోటికి సాటి వచ్చే నోరు ఆ చుట్టుపక్కల లేదని అన్నాళ్ళూ కాస్త గర్వంగానే ఉండేది.

తీరా ఇంటికొచ్చి చూస్తే ఆమె కొత్తగా అద్దెకి దిగింది తన ఇస్త్రీ బల్లకి ఎదురింట్లోనే. ముందో గది, వెనకో గది, వాటిలో ఆమె, కొడుకు, కోడలు. వీధి ఆలస్యం చెయ్యకుండా ఆమెకి కత్తెరమ్మ అని పేరు పెట్టేసింది. రెండోనాడో మూడోనాడో, పని నుంచి వస్తూ బల్ల దగ్గర ఆగినప్పుడు పెద్దమ్మ అడిగింది.

"ఏం కుడతావే నువ్వు? గౌన్లా, చొక్కాలా?"

"కుట్టనక్కా. కోస్తాను."

"ఏం కోస్తావ్?"

"కొత్తబట్టలు."

వేళాకోళం అనుకుని పెద్దమ్మ నవ్వింది. కత్తెరమ్మ నవ్వలేదు.

వీధి చివర ఎత్తుగోడల గోడౌను ఒకటి ఉంది, అందులో ఆమె పని. జనం ఇళ్ళల్లో కూర్చుని ఫోను మీద వేలితో పొడిచి తెప్పించుకునే సరుకులో తిరిగొచ్చేదంతా అక్కడికే చేరుతుంది. విప్పి, ఒంటికి తగిలించుకుని, అద్దం ముందు ఫొటో దిగి, రంగు నచ్చలేదనో, అప్పటికే మనసు మారిందనో తిప్పి పంపిన సరుకు. దాన్ని మళ్ళీ మడిచి, సర్ది, అమ్మడం కన్నా నాశనం చెయ్యడమే కంపెనీకి తేలికట. చెత్తలో ఊరికే పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని తొడుక్కుంటారు. తొడుక్కుంటే కొనడం మానేస్తారు. అందుకని ఏదీ ఎవరికీ పనికిరాకుండా చేసి మరీ పారేయాలి.

"పనికిరాకుండా చెయ్యడమే నా పనక్కా," అంది కత్తెరమ్మ. "చొక్కాకి మెడ దగ్గర్నించి పొట్ట దాకా. ప్యాంటుకి కాళ్ళ మధ్య. సంచీకి అడుగు. బూటుకి మడమ వెనక. కోశాక మా సూపర్‌వైజరు వచ్చి కన్నంలో పిడికిలి దూర్చి చూస్తాడు. పిడికిలి పడితే కోత సరిగ్గా పడినట్టు. లేకపోతే మళ్ళీ కొయ్యాలి."

"పిల్లల బట్టలు?"

"పిల్లల బట్టలకి ఒక్క కోత చాలు. కాకపోతే పొట్ట దాకా కోస్తే వాటిల్లో పిడికిలి పట్టదుగా, అంచు దాకా లాగెయ్యాలి."

పెద్దమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కాసేపటికి కమురు వాసన వచ్చి చూసుకుంటే ఎవరిదో చొక్కా జేబు గోధుమరంగులోకి తిరిగింది. బట్టని చేత్తో తాకి అది ఏ నూలో, ఎన్ని ఉతుకులు ఆగుతుందో చెప్పగల మనిషి ఆవిడ. చీమూ నెత్తురూ చూసినా ఆవిడకి అంత వికారం పుట్టి ఉండదు.

ఆ తరవాతే గోడౌను వెనకనించి లేచే పొగ ఏమిటో ఆవిడకి అర్థమైంది. అన్నాళ్ళూ ఏ ఆకులో కాలుస్తున్నారని అనుకుంది. కోసిన గుట్టని మధ్యాహ్నప్పూట గోడ వెనక పల్లంలో తగలబెడతారు. నూలు కాలితే బూడిదవుతుంది. ఇది బూడిద కాదు, కరిగి నల్లటి పాకంలా కారి, గడ్డకట్టి, పురుగుల్లా మెలికలు తిరిగి పడి ఉంటుంది. గాలి ఇటు తిరిగితే మసి వచ్చి బల్ల మీది తెల్లచొక్కాల మీద వాలుతుంది. చేత్తో దులిపితే పోదు, జిడ్డుగా సాగుతుంది. వానొస్తే ఆ పల్లం నిండి, పక్క కాలవ ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా పారుతుంది. కాలవలో కప్పల అరుపు విని ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. వీధిలో పిల్లల ముక్కులు చీదితే నల్లగా వస్తుంది. తల్లులు తుడిచి, ఆ చేత్తోనే ఫోను తీసి ఇంకో గౌను ఆర్డరు పెడతారు.

పెద్దమ్మకి జనం మీద పుట్టిన రోత అంతా ఇంతా కాదు. నిజానికి ఆవిడ బల్ల మీదికి వచ్చే మూటలే చెప్తాయి ఎవరు ఎలా బతుకుతున్నారో. ఒకప్పుడు మోచేతులు పలచబడిన చొక్కాలు వచ్చేవి, కాలరు తిరగేసి కుట్టినవి వచ్చేవి. ఇప్పుడు ధర చీటీ కూడా తియ్యని బట్టలు వస్తున్నాయి, మడతల మీద మడత పెట్టించుకోవడానికి. ఒకసారి తొడుక్కుంటారు, రెండోసారి కనబడదు. "నిన్నటి ఎర్రగౌను ఏదమ్మా?" అని అడిగితే, "అది అందరూ చూసేశారు పెద్దమ్మా!" అని ఇకిలిస్తారు. చూసేస్తే? గౌనుకేమైనా కన్నం పడిందా? కళ్ళు పడి చిరిగే గుడ్డ ఎక్కడైనా ఉందా?

వీళ్ళు ఒకెత్తు, కత్తెరమ్మ సూపర్‌వైజరు ఒకెత్తు. ఆ వీధిలోనే ఒక మేడలో ఉంటాడు. అతని పేరేదైతేనేం, పెద్దమ్మ నోట్లో మాత్రం తెల్లచొక్కా సారు. కొన్నాళ్ళ కిందట అతనికి తక్కువ వస్తువులతో బతకాలన్న జ్ఞానం కలిగింది. కలిగిన మర్నాడు ఇంట్లో ఉన్నవన్నీ బయటపెట్టాడు. మంచాలు, కుర్చీలు, గిన్నెలు, పక్కబట్టలు. అవన్నీ మెట్లు దిగుతుంటే మెట్లకే నడుం నొప్పి వచ్చి ఉంటుంది. తరవాత ఆ ఖాళీ ఇంటికి సరిపోయేలా కొత్త తెల్లకుర్చీ, కొత్త తెల్లకప్పులు, అన్నీ ఒకేలా ఉండే కొత్త తెల్లచొక్కాలు తెప్పించాడు. పాత చొక్కాలేం చేశాడో కత్తెరమ్మే చెప్పింది. గోడౌనుకి తెచ్చి ఆమె ముందు పోశాడట, కొయ్యమని. తన చొక్కా వేసుకుని ఇంకెవడో వీధిలో తిరిగితే చూడలేడట.

"ఇప్పుడు మనసు ఎంత తేలిగ్గా ఉందో పెద్దమ్మా," అన్నాడు ఒకసారి, ఇస్త్రీ చొక్కాలు అందుకుంటూ. "మీరూ ప్రయత్నించండి. ఉన్నవాటిల్లో అక్కర్లేనివి వదిలించుకోవాలి."

"వదిలించుకుంటా నాయనా," అంది పెద్దమ్మ. "ముందు నువ్వు నీ చొక్కాలు తీసుకుని జరుగు."

తక్కువతో బతకడమంటే ఏమిటో కత్తెరమ్మని చూస్తే తెలుస్తుంది. ఆవిడ దానికో పేరు పెట్టుకోలేదు, ఎవరికీ బోధించలేదు. తొడుక్కునే జత, ఉతుక్కునే జత. ఒక కంచం, ఒక గ్లాసు, పళ్ళు రెండు విరిగినా వదలని దువ్వెన. ఆమె పెట్టె మూత పడడానికి ఎవరూ ఎక్కి కూర్చోనక్కర్లేదు. పగలంతా కొత్తబట్టల వాసనలో మునిగి తేలే మనిషికి ఆ వాసనంటేనే వాంతి. ఇంట్లోకి కొత్త సంచీ వస్తే కిటికీ తెరుస్తుంది.

అలాగని ఆమె దేవతేం కాదు. ఇంట్లో ముల్లు. కోడలు గరిటె కొన్నా విచారణే. "పాతది అన్నం వడ్డించనని మొరాయించిందా?" అని అడుగుతుంది. కొడుకు పనేమో ఇంటింటికీ పార్సిళ్ళు చేరవెయ్యడం. పొద్దున కొడుకు పంచిపెట్టింది పదిరోజుల్లో తల్లి కత్తెర కిందికి వస్తుంది. ఆ సంగతి ఎత్తి, "నువ్వు మోసుకెళ్ళి ఇవ్వడం ఎందుకురా, తిన్నగా నాకే తెచ్చివ్వు, మధ్యలో వాళ్ళ మొహాలెందుకు," అని దెప్పుతుంది. అతను నవ్వేసి ఊరుకుంటాడు.

కోడలు ఊరుకోదు. గలగల్లాడే పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. ఒకనాడు పెద్దమ్మ దగ్గరికి వచ్చి బల్ల అంచున కూర్చుని చెప్పుకుంది.

"నేను నలుగురు అక్కల తరవాత పుట్టాను పెద్దమ్మా. నా ఒంటి మీద పడిన ప్రతి గుడ్డా నాలుగు ఒళ్ళు దిగి వచ్చిందే. బడికి వేసుకెళ్తే, ఇది మీ అక్కది కదా అని అందరి ముందూ అడిగేవాళ్ళు. నేను పిచ్చిగా కొంటానని అత్తయ్య అంటారు. కొంటాను. కానీ ఒక్క విషయం చెప్పండి. నా బిడ్డకి మొదటి గౌనైనా ఎవరూ తొడుక్కోనిది ఉండాలనుకోవడం తప్పా?"

అప్పటికి ఆమెకి నెలలు నిండుతున్నాయి. పెద్దమ్మ ఏం చెప్తుంది? "తప్పేం లేదే తల్లీ," అంది. నిజంగానే అంది.

ఆ గౌను వచ్చిన సాయంత్రం పెద్దమ్మ వాళ్ళింట్లోనే ఉంది. కొడుకు పని చొక్కా ఇస్త్రీ చేసి ఇవ్వడానికి వెళ్తే, "కూర్చోండి పెద్దమ్మా, మీరూ చూద్దురుగాని," అని కోడలు కుర్చీ లాగింది. పార్సిలు కొడుకే తన సంచిలో తెచ్చాడు. కోడలు దాన్ని తను విప్పలేదు. తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"మీరే విప్పాలి అత్తయ్యా. నానమ్మ చేత్తో విప్పితే బాగుంటుంది."

అంతకన్నా మర్యాద ఏ కోడలు ఏ అత్తకి చేస్తుంది? కత్తెరమ్మ మొహం కూడా వెలిగింది. అప్పుడే పని నుంచి వచ్చి చతికిలబడింది, నడుముకి కట్టిన తాడు ఇంకా విప్పలేదు. పెద్దమ్మ వైపు తిరిగి తెల్లచొక్కా సారు సంగతేదో చెప్తోంది, అతను ఆ రోజు ఒక బొమ్మ ఎలుగుబంటి పొట్టలో పిడికిలి దూర్చబోతే వేళ్ళు లోపల చిక్కుకుని రాలేదట. చెప్తూ తనే పగలబడి నవ్వుతోంది. నోరు కథ చెప్తోంది, చేతులు పార్సిలు విప్పుతున్నాయి. కవరు చించాయి. చీటీ తిప్పి చూశాయి. గౌనుని ఒక్క విదిలింపు విదిలించాయి. లేత పసుపురంగు గౌను, అరచెయ్యంత. ఎడమచెయ్యి మెడ దగ్గర పట్టుకుంది.

కుడిచెయ్యి నడుముకి వెళ్ళడం పెద్దమ్మ చూసింది. చూసింది కానీ, ఆ చూసింది మనసుకెక్కేలోపే అయిపోయింది. మెడ నుంచి అంచు దాకా ఒక్కటే కోత. కత్తెరమ్మ ఆ కన్నంలో పిడికిలి దూర్చి చూసుకుంది, గౌనుని కుడివైపు నేల మీద పడేసింది, తరవాతి దాని కోసం ఎడమచెయ్యి చాపింది.

ఎడమవైపు ఏమీ లేదు.

నవ్వు ఆమె నోట్లోనే ఉండిపోయింది. కోడలు రెండు చేతులూ తన పొట్ట మీద వేసుకుని ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వెళ్ళింది, కుక్క ఎదురైతే వెళ్ళినట్టు. వెనకగది తలుపు దగ్గర ఆగి, మామూలు గొంతుతోనే, "ఆ చేతులతో నా బిడ్డని ముట్టుకోవద్దు," అని లోపలికెళ్ళి గడియపెట్టుకుంది.

కొడుక్కి ఏం చెయ్యాలో తోచలేదు. తనకి తెలిసిందే తోచింది. ఫోను తీశాడు. "పర్లేదమ్మా. చిరిగి వచ్చిందని ఫొటో పెడతాను. వాళ్ళే ఇంకోటి పంపుతారు. దీన్ని వెనక్కి తీసుకుపోతారు."

"ఎక్కడికి తీసుకుపోతార్రా?" అంది కత్తెరమ్మ. మళ్ళీ అంది, "ఎక్కడికి తీసుకుపోతారు?"

అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"ముందు వైపు తెరుచుకునేలా అంచులు మడిచి, బొత్తాలు కుడితే..." అని పెద్దమ్మ మొదలెట్టబోయింది. కత్తెరమ్మ ఆవిడ వైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడే ఆగిపోయింది. గౌను బాగుపడుతుందా లేదా అన్నది కాదు అక్కడ సంగతి.

మర్నాడు కత్తెరమ్మ గోడౌనుకి వెళ్ళింది, కత్తెర బల్ల మీద పెట్టింది, తిరిగి వచ్చేసింది. కత్తెర పిడికి చుట్టిన గుడ్డ తనదే అయినా విప్పుకోలేదట, తాడుతో సహా వదిలేసిందట. తెల్లచొక్కా సారు ఆ సాయంత్రం చొక్కాల కోసం వచ్చినప్పుడు ఆమె బల్ల పక్కనే ఉంది.

"నాకంతా తెలిసిందమ్మా," అన్నాడు, గొంతులోకి జాలి తెచ్చుకుని. "కానీ మీరు దాన్ని మరీ మనసుకి పట్టించుకున్నారు. ఏముంది, ఒక గౌను! వస్తువుల మీద మమకారం పెంచుకోకూడదు. నన్ను చూడండి."

"నిన్ను చూస్తూనే ఉన్నాం కదయ్యా, ఇన్నాళ్ళూ," అంది కత్తెరమ్మ.

"కాదు, ఉద్యోగం మానెయ్యడం ఎందుకంటున్నాను. మీలాగా చెయ్యి తిరిగినవాళ్ళు దొరకరు. మీ కోడలైనా కాన్పయ్యాక వస్తే..."

ఆ మాట పూర్తవలేదు. పెద్దమ్మ ఇస్త్రీపెట్టె ఠంగుమని పళ్ళెం మీద పెట్టింది.

"ఇదిగో నాయనా. వస్తువుల మీద నీకు మమకారం లేదన్నావు కదా. ఈ చొక్కాలు ఇక్కడే వదిలేసి వెళ్ళు. ఇంత మసిలో తిరిగినా నువ్వొక్కడివే తెల్లగా ఉన్నావంటే, ఆ తెలుపు కోసం ఎంతమంది మొహాలకి ఆ మసి పూశావో! మీ గోడౌను మసి నా బల్ల మీద పడితే దులిపాను, ఆ చొక్కాలు నీవే కదా అని దులిపాను. ఇకమీదట దులపను. ఎక్కడ పడిన మసి అక్కడే ఉంచి, దాని మీదే ఇస్త్రీ చేస్తాను. నచ్చకపోతే తిప్పి పంపు, నీకు అలవాటేగా!"

అతను మూతి బిగించుకుని, మూట తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. గోడౌనులో ఆమె చోటు ఖాళీ లేకుండా వారంలోనే ఎవర్నో పెట్టుకున్నారు. పొగ మధ్యాహ్నం అయ్యేసరికి ఎప్పట్లాగే లేస్తోంది.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. అక్కల పిల్లలు తొడుక్కున్న గౌన్లే వచ్చాయి పుట్టింటి నుంచి, మూటకట్టి. కోడలు ఏమీ అనకుండా అవే తొడిగింది. ఆమె కక్షగట్టే మనిషి కాదు. అత్తగారికి వేళకి అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, నవ్వుతుంది. బిడ్డని మాత్రం ఆవిడ ఉన్న గదిలో ఒంటరిగా వదలదు. స్నానానికి వెళ్ళాలంటే ముందు మొగుణ్ణి పిలుస్తుంది. అతను లేకపోతే బిడ్డనెత్తుకుని పెద్దమ్మ దగ్గరికి వస్తుంది, మసి మధ్యలోకి. కత్తెరమ్మ ఎదురింటి గడపలోంచి అది చూస్తూ కూర్చుంటుంది, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని.

"మనవరాల్ని ఎత్తుకోనివ్వవే, పాపం," అని పెద్దమ్మ ఒకసారి నచ్చజెప్పబోయింది.

"నాకూ పాపంగానే ఉంటుంది పెద్దమ్మా. మీరు ఆ పూట అక్కడే ఉన్నారు కదా. ఆవిడ కావాలని చేశారా? కాదు. కావాలని చేసి ఉంటే ఈపాటికి క్షమించేసేదాన్ని."

పెద్దమ్మ ఇంకో చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

బిడ్డ మెడ నిలబెట్టే రోజుల్లో కొడుకు ఒక గౌను తెచ్చాడు. ఆర్డరు పెట్టింది కాదు, అతనితో పనిచేసేవాళ్ళు కలిసి కొనిచ్చింది. కోడలు అది తొడిగి, ఉయ్యాల్లో పడుకోబెట్టి, నీళ్ళు పొంగుతున్నాయని ఒక్క అడుగు వంటగట్టు వైపు వేసింది. బిడ్డ ఏడిచింది. అడ్డుకునేవాళ్ళు లేరు. కత్తెరమ్మ లేచి వెళ్ళి, ఇన్నాళ్ళకి, బిడ్డని ఎత్తుకుంది. కొత్తబట్ట వాసన ముక్కుకి తగిలింది. ఎడమచెయ్యి గౌను మెడ దగ్గర పట్టుకుంది.

కుడిచెయ్యి నడుముకి వెళ్ళింది.

నడుముకి ఏమీ లేదు. వేళ్ళు గాలిని రెండుసార్లు తెరిచి మూశాయి. కోడలు గట్టు దగ్గర్నించి ఆ వేళ్ళని చూసింది. బిడ్డని అందుకుని గుండెకి హత్తుకుంది. తిట్టినా బాగుండేది.

కత్తెరమ్మ వీధి దాటి పెద్దమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పింది, పక్కింటివాళ్ళ గొడవ చెప్తున్నట్టు. తరవాత కుడిచెయ్యి తీసి బల్ల మీద, ఇస్త్రీ దుప్పటి మీద వెల్లకిలా పెట్టింది. చచ్చిన ఎలకని తోక పట్టుకుని తెచ్చి పడేసినవాళ్ళ మొహంలో ఉండే అసహ్యం ఆమె మొహంలో ఉంది.

"వాళ్ళని తిట్టుకున్నానక్కా ఇన్నాళ్ళూ. కొనేవాళ్ళని, తిప్పి పంపేవాళ్ళని, కొయ్యమన్న ఆ తెల్లచొక్కా గాణ్ణి. నాకేం అంటలేదనుకున్నాను. నేను ఏమీ కొనలేదుగా, నా పెట్టె ఖాళీయేగా అని విర్రవీగాను. చూడు, ఎక్కడ దూరి కూర్చుందో."

"మరీ అలా అనకే. మానేశావుగా."

"నేను మానేశాను. ఇది మానలేదు."

పెద్దమ్మ ఆ చెయ్యి వంక చూసింది. బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని కాయ కాసి ఉంది. వీధిలో గాలి తిరిగింది. మసి రేకులు రెండు వచ్చి అరచేతిలో వాలాయి. కత్తెరమ్మ దులుపుకోలేదు.

"అక్కా, నాకో పని చేసిపెట్టు," అంది. "నీ దగ్గరికి కొత్తబట్టలు వస్తాయిగా, చీటీ కూడా తియ్యనివి. పిల్లలవి కూడా వస్తాయి. రోజూ సాయంత్రం వచ్చి ఈ ముక్కాలిపీట మీద కూర్చుంటాను. అవి ఒక్కొక్కటీ నా చేతికియ్యి. విదిలించి, మడతపెట్టి నీకిస్తాను. నోరు ఊరుకుంటే చెయ్యి జాగ్రత్తపడుతుంది, అందుకని నన్ను మాట్లాడిస్తూ ఉండు. నవ్వించు. నవ్విస్తూ నా మొహం చూడకు. కుడిచెయ్యి చూడు. అది నడుము కేసి వెళ్తే ఆ పూట నాకు చెప్పు. వెళ్ళడం మానేసిన రోజు నాకు చెప్పకు. తిన్నగా ఎదురింటికి వెళ్ళి మా కోడలితో చెప్పు. నేను చెప్తే నమ్మదు, నేనే నమ్మను. నువ్వు చెప్తే నమ్ముతుంది. అంతవరకూ నా మీద జాలిపడి అబద్ధం మాత్రం చెప్పకక్కా. అవతల ఉన్నది పసిబిడ్డ."